సగటు 55 శాతం, సరే. ఆ పరీక్ష పిల్లల గురించి ఏం చెబుతోంది?

మీరడిగింది ఇదీ: ఎనిమిదో తరగతి గణితం, 40 మంది పిల్లలు, నాలుగేసి ఆప్షన్లున్న 20 ప్రశ్నలు. సాఫ్ట్‌వేర్ తరగతి సగటు 55 శాతమని చెప్పి, ర్యాంకుల జాబితా, రంగుల చార్టులు ఇచ్చింది. వీటిని బట్టి ఎవరు ఎక్కడ ఆగిపోయారో ఎలా కనిపెట్టాలి? కిందటి పరీక్ష కంటే సగటు 6 శాతం పెరిగింది, దాన్ని పురోగతి అనుకోవచ్చా? తల్లిదండ్రులకు ఏం చూపించాలి?

నేరుగా చెప్పాలంటే, సగటు, ర్యాంకులు, చార్టుల నుంచి మీకు కావలసిన జవాబు రాదు. ఏ విద్యార్థి ఏ ప్రశ్నకు ఏ ఆప్షన్ పెట్టాడో చూపే అసలు పట్టికను డౌన్‌లోడ్ చేసుకోండి. అందులో ముందు ప్రశ్నలను పరీక్షించండి, ఆ తర్వాతే పిల్లలను. ప్రశ్న సరిగా లేకపోతే దాని మీద ఆధారపడి పిల్లల గురించి చేసే తీర్మానమూ తప్పవుతుంది. ఇక 6 శాతం సంగతి: రెండు పరీక్షల్లో ఉమ్మడి ప్రశ్నలు లేకపోతే ఆ పెరుగుదలకు అర్థం చెప్పడం కుదరదు. కారణాలు కింద వివరిస్తాను. ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ ఉంటే చాలు, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

పట్టికను శుభ్రం చేయడం

అడ్డు వరుసకు ఒక విద్యార్థి, నిలువు వరుసకు ఒక ప్రశ్న. మొదటి షీటులో పిల్లలు పెట్టిన ఆప్షన్ అక్షరాలు (ఎ, బి, సి, డి) ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. రెండో షీటులో ఒప్పుకు 1, తప్పుకు 0 వచ్చేలా ఫార్ములా రాసుకోండి. చాలామంది 1, 0 మాత్రమే ఉంచుకుని అక్షరాలు పారేస్తారు. అసలు సమాచారమంతా ఆ అక్షరాల్లోనే ఉంటుంది.

పరీక్షకు రాని పిల్లల వరుస పూర్తిగా తీసేయండి. గైర్హాజరైనవారికి సున్నా వేసే అలవాటు వల్ల సగటు పడిపోతుంది, ప్రతి ప్రశ్నా ఉన్నదానికంటే కష్టమైనదిగా కనిపిస్తుంది. ఒకే పరీక్షను పిల్లలు రెండుమూడుసార్లు రాసే వీలుంటే మొదటి ప్రయత్నాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోండి.

ఖాళీలు రెండు రకాలు. మధ్యలో ఒక ప్రశ్న వదిలి తర్వాతివి రాస్తే అది వదిలేసిన ప్రశ్న. ఒకచోట ఆగి అక్కడినుంచి చివరిదాకా అన్నీ ఖాళీగా ఉంటే అవి ఆ పిల్లవాడు చేరుకోని ప్రశ్నలు. మొదటిదానికి 9, రెండోదానికి 8 అని కోడ్ పెట్టుకోండి. 17 నుంచి 20 దాకా ప్రశ్నలను 12 మంది చేరుకోలేదనుకోండి. అది ఆ పాఠం రాకపోవడం కాదు, సమయం చాలకపోవడం. ఆ నాలుగు ప్రశ్నల కఠినతను చేరుకున్న 28 మంది మీదే లెక్కించండి. అయితే ఆ 28 మందీ వేగంగా చేసేవాళ్లు కాబట్టి, వచ్చే అంకె కాస్త మెరుగ్గానే కనిపిస్తుందని గుర్తుంచుకోండి.

ప్రశ్నల పరీక్ష: రెండు అంకెలు

మొదటిది కఠినతా సూచిక. సరిగా రాసినవారి సంఖ్యను మొత్తం సంఖ్యతో భాగిస్తే వస్తుంది. 40 మందిలో 22 మంది సరిగా రాస్తే 0.55. పేరు కఠినత అయినా అంకె పెరిగేకొద్దీ ప్రశ్న తేలికవుతుంది. కొత్తవాళ్లు తరచూ ఇక్కడే తికమకపడతారు. నాలుగు ఆప్షన్ల ప్రశ్నలో కళ్లు మూసుకుని పెట్టినా 0.25 వస్తుంది. కాబట్టి 0.25 దరిదాపుల్లో ఉన్న ప్రశ్న తరగతిలో దాదాపు ఎవరికీ రానట్టే. అంతకంటే బాగా తక్కువగా, 0.10 లాగా ఉంటే, ఏదో ఒక తప్పు ఆప్షన్ పిల్లల్ని గట్టిగా లాగుతోందన్నమాట. అలాంటి ప్రశ్నను ప్రత్యేకంగా చూడాలి.

రెండోది విచక్షణా సూచిక. మొత్తం మార్కుల క్రమంలో పిల్లల్ని పేర్చి, పై 27 శాతం, కింది 27 శాతం తీసుకోండి. 40 మందిలో అది 11 మంది. ఈ 27 శాతాన్ని అమెరికా మనస్తత్వవేత్త ట్రూమన్ కెల్లీ 1939లో గణిత ఆధారంతో సూచించాడు. రెండు గుంపుల మధ్య తేడా స్పష్టంగా ఉండాలి, గుంపు మరీ చిన్నది కాకూడదు అనే రెండు అవసరాలూ అక్కడ కలుస్తాయి. తరగతిలో 25 మందే ఉంటే పై సగం, కింది సగం తీసుకోవడం మేలు. పై గుంపులో సరిగా రాసినవారి సంఖ్యలోంచి కింది గుంపులో సరిగా రాసినవారి సంఖ్యను తీసేసి, గుంపు పరిమాణంతో భాగించండి.

ఏడో ప్రశ్నను పైన 10 మంది, కింద 3 మంది సరిగా రాశారనుకోండి. 7ను 11తో భాగిస్తే 0.64. చాలా మంచి ప్రశ్న. పద్నాలుగో ప్రశ్నకు పైన 5, కింద 4. అంటే 0.09. అది బాగా వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ వేరుచేయలేదు. పద్దెనిమిదో ప్రశ్నకు పైన 3, కింద 6. అంటే మైనస్ 0.27. బాగా చదివేవాళ్లే తప్పు చేశారు. సాధారణంగా 0.40, ఆపైన ఉంటే చాలా మంచిది, 0.30 నుంచి 0.39 దాకా ఫర్వాలేదు, 0.20 నుంచి 0.29 దాకా సవరించుకోవాలి, అంతకన్నా తక్కువైతే ఆ ప్రశ్నతో ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

మైనస్ వస్తే మొట్టమొదట జవాబుల కీ చూడండి. చాలాసార్లు సరైన ఆప్షన్ తప్పుగా ఫీడ్ అయి ఉంటుంది. కీ సరిగానే ఉంటే రెండు ఆప్షన్లు ఒప్పయ్యే అవకాశం ఉందేమో చూడండి. లోతుగా ఆలోచించే పిల్లలు మీరు ఊహించని రెండో అర్థాన్ని పట్టుకుంటారు. ఆ తర్వాత ప్రశ్నలోని భాష. ‘కానిది ఏది’, ‘తప్ప మిగిలినవి’ లాంటి వ్యతిరేక పదాన్ని వేగంగా చదివేవాళ్లు దాటేస్తారు. కీ తప్పని తేలితే దాన్ని సరిచేసి అందరి మార్కులూ మళ్లీ లెక్కించాకే ముందుకు వెళ్లండి.

ఒక మినహాయింపు ఉంది. 0.95 కఠినతా సూచిక ఉన్న ప్రశ్నకు విచక్షణ తక్కువే వస్తుంది. అందరూ సరిగా రాస్తే తేడా చూపడానికి ఏమీ మిగలదు కదా. అది చెడ్డ ప్రశ్న కాదు. తరగతి మొత్తానికీ రావలసిన ప్రాథమిక నైపుణ్యాన్ని సరిచూసుకోవడానికి పెట్టిన ప్రశ్న అలాగే ఉండాలి.

40 మంది అనేది చిన్న సంఖ్య. 0.50 అని వచ్చిన కఠినతా సూచిక అటూ ఇటూ 0.15 దాకా కదలగలదు. కాబట్టి 0.50 ఉన్న ప్రశ్నకూ 0.60 ఉన్న ప్రశ్నకూ తేడా ఉందని వాదించకండి. రెండు సెక్షన్లను ఒకే ప్రశ్న మీద పోల్చాలంటే వాటి మధ్య కనీసం 0.20కి పైగా తేడా ఉంటేనే మాట్లాడటం న్యాయం. మూడు నాలుగు శాతాల తేడాతో ఒక సెక్షన్ టీచరును మెచ్చుకోవడం, ఇంకొకరిని నిలదీయడం సరైన పని కాదు.

తప్పు ఆప్షన్లలోనే అసలు సంగతి

ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి. ప్రతి ప్రశ్నకూ ఏ ఆప్షన్‌ను ఎంతమంది పెట్టారో లెక్క తీయండి. ఎక్సెల్‌లో కౌంట్‌ఇఫ్ ఫంక్షన్ ఆ పని చేస్తుంది. ఉదాహరణకు, 0.8, 0.375, 0.62, 0.5లలో పెద్దది ఏది అని అడిగారు. 0.8 అన్నవాళ్లు 19 మంది, 0.375 అన్నవాళ్లు 16 మంది, 0.62 అన్నవాళ్లు ముగ్గురు, 0.5 అన్నవాళ్లు ఇద్దరు. సాఫ్ట్‌వేర్ దీన్ని ‘దశాంశాలు: 48 శాతం, బలహీనం’ అని ఎర్ర రంగులో చూపిస్తుంది. పట్టిక అంతకంటే చాలా ఎక్కువ చెబుతోంది. తప్పు రాసిన 21 మందిలో 16 మంది ఒకే తప్పు చేశారు. దశాంశ బిందువు తర్వాతి భాగాన్ని పూర్ణసంఖ్యలా చదివి, 375 ఎనిమిది కంటే పెద్దది కదా అనుకున్నారు. ఇది అజాగ్రత్త కాదు. వాళ్ల మనసులో స్థిరంగా ఉన్న ఒక నియమం: అంకెలు ఎక్కువుంటే సంఖ్య పెద్దది.

ఇంకో చిక్కు ఉంది. సరిగా రాసిన 19 మందిలోనూ తప్పు నియమం దాగి ఉండవచ్చు. కొందరు పిల్లలు దీనికి పూర్తిగా తిరగేసి ఆలోచిస్తారు. పదోవంతులు వందోవంతుల కన్నా పెద్దవి కాబట్టి అంకెలు తక్కువున్నదే పెద్ద సంఖ్య అనుకుంటారు. వాళ్లు పై ప్రశ్నకు 0.8 అనే చెబుతారు, మార్కు వస్తుంది. వాళ్లు బయటపడాలంటే 0.45, 0.3లలో పెద్దది ఏది అని కూడా అడగాలి. ఈ రెండో ప్రశ్నకు మొదటి రకం పిల్లలు సరిగా చెబుతారు, రెండో రకం పిల్లలు తప్పు చెబుతారు.

రెండు ప్రశ్నలూ కలిపి చూస్తే, రెంటికీ సరిగా రాసినవాళ్లకు విషయం చాలావరకు తెలుసు. మొదటిదే సరిగా రాసినవాళ్లు ‘పొట్టిగా ఉంటే పెద్దది’ అనుకునేవాళ్లు. రెండోదే సరిగా రాసినవాళ్లు ‘పొడవుగా ఉంటే పెద్దది’ అనుకునేవాళ్లు. చివరి రెండు గుంపులకూ రెండింట ఒక మార్కే వస్తుంది, శాతం ఒకటే. కానీ వాళ్లు నమ్మేవి పరస్పర విరుద్ధమైన నియమాలు. మార్కుల ప్రకారం వాళ్లను ఒకే గుంపులో కూర్చోబెట్టి ఒకే వివరణ ఇస్తే ఒక గుంపుకు అది అసలు తగలదు.

0.8ని 0.800గా రాసి పోల్చమని నేర్పితే రెండు గుంపులకూ జవాబు వచ్చేస్తుంది. కానీ అది చిట్కా మాత్రమే, 0.375 అనేది పదోవంతులు, వందోవంతులు, వెయ్యోవంతుల కలయిక అనే అవగాహన దానితో రాదు. సంఖ్యారేఖ మీద 0.3 ఎక్కడుందో, 0.4 ఎక్కడుందో గుర్తించి, 0.375 ఆ రెంటి మధ్యే పడుతుందని పిల్లలే చూడాలి. అప్పుడే ఆ నియమం పోతుంది.

అందుకే తప్పు ఆప్షన్లను పరీక్ష పెట్టకముందే ఆలోచించి రాయాలి. ప్రతి తప్పు ఆప్షన్ వెనక ఒక ఫలానా పొరపాటు ఉండాలి. 1/2 + 1/3 ఎంత అన్న ప్రశ్నకు 2/5 అని ఒకటి పెట్టండి, లవాలనూ హారాలనూ విడివిడిగా కలిపేవాళ్లు అక్కడికి వెళ్తారు. 2/6 పెట్టండి, హారం మార్చి లవం మార్చడం మరిచేవాళ్లు అక్కడ తేలతారు. 1/6 పెట్టండి, కూడికకు బదులు గుణకారం చేసేవాళ్లు కనిపిస్తారు. నాలుగోది సరైన జవాబు 5/6. ఏ పొరపాటు వల్లా రాని 7/9 లాంటి అంకె పెడితే దాన్ని ఎవరూ ఎంచుకోరు. 5 శాతం కన్నా తక్కువమంది ఎంచుకున్న ఆప్షన్ పని చేయనట్టే. 40 మందిలో ఒక్కరు పెట్టారంటే, ఆ ప్రశ్నకు నిజంగా ఉన్నవి మూడు ఆప్షన్లే. మంచి తప్పు ఆప్షన్లు మూడు దొరక్కపోతే రెండుతోనే ఆపేయడం నయం.

తప్పు రాసినవాళ్లు మూడు తప్పు ఆప్షన్ల మీదా దాదాపు సమానంగా చెదిరితే అది వేరే సంగతి. ఏ నియమమూ లేక ఊహించి పెట్టారన్నమాట. అంటే ఆ పాఠం వాళ్లకు చేరనే లేదు. మొదటి రకం తప్పుకు పాత నియమాన్ని పెకలించాలి, రెండో రకానికి పాఠాన్ని మొదటినుంచి చెప్పాలి.

పట్టికను పేర్చి చూడటం

పిల్లల్ని మొత్తం మార్కుల ప్రకారం పైనుంచి కిందికి, ప్రశ్నలను తేలిక నుంచి కష్టానికి ఎడమనుంచి కుడికి పేర్చండి. 1 ఉన్న గడులకు ఒక రంగు, 0 ఉన్న గడులకు మరో రంగు వేయండి. అంతా సవ్యంగా ఉంటే ఎడమ పైమూల ఒక రంగుతో, కుడి కిందిమూల మరో రంగుతో నిండుతుంది. జపాన్‌లో తకహిరో సాతో 1970లలో ఈ పద్ధతిని విద్యార్థి–ప్రశ్న పటంగా తీర్చిదిద్దాడు. ఇన్నేళ్లయినా ఒక్క చూపులో ఇంత చెప్పే బొమ్మ ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

చూడవలసింది రంగు తప్పిన గడులను. తేలిక ప్రశ్నలు పోగొట్టుకుని కష్టమైనవి సాధించిన పిల్లవాడు కనిపిస్తే కారణాలు కొన్నే ఉంటాయి. ఒక పాఠం చెప్పిన రోజుల్లో బడికి రాలేదు, ప్రశ్న సరిగా చదవడం లేదు, తొందరపడుతున్నాడు, లేదా పక్కవాళ్లది చూశాడు. హాజరు పట్టీని పక్కన పెట్టుకుంటే మొదటి కారణం తేలిపోతుంది. చూసిరాత విషయంలో మాత్రం తొందరపడకండి. ఇద్దరి సరైన జవాబులు కలవడం ఏమీ చెప్పదు. తప్పులు కలిసినా, అవి తరగతిలో సగం మంది చేసే తప్పులైతే సహజమే. మరెవరూ ఎంచుకోని తప్పు ఆప్షన్లు నాలుగైదు వరసగా ఇద్దరికీ ఒకేలా ఉంటే, అప్పుడు అడగాలి. అదీ నిందలా కాకుండా మాట్లాడి తెలుసుకోవాలి.

మార్కుల పంపిణీ కూడా గీయండి. సగటు 11 అన్నా, సగం మందికి 7 దగ్గర, మిగతా సగానికి 15 దగ్గర వచ్చి ఉండవచ్చు. అలాంటి తరగతిలో 11 మార్కుల విద్యార్థి దాదాపు ఎవరూ ఉండరు, ఆ స్థాయికి తగ్గట్టు చెప్పే పాఠం ఎవరికీ అందదు.

నైపుణ్యాల వారీ శాతాలను నమ్మేముందు

సాఫ్ట్‌వేర్లు ‘భిన్నాలు 50 శాతం, రేఖాగణితం 75 శాతం’ అని ప్రతి పిల్లవాడికీ చూపిస్తాయి. ఒక్కో నైపుణ్యం మీద ఎన్ని ప్రశ్నలున్నాయో లెక్కపెట్టండి. నాలుగే ఉంటే, ఏమీ తెలియని పిల్లవాడు ఊహించి పెట్టినా వాటిలో రెండు లేదా అంతకంటే ఎక్కువ సరిపోయే అవకాశం 26 శాతం. అంటే ఏమీ రాని పిల్లల్లో నలుగురిలో ఒకరు కనీసం ‘50 శాతం’ తెచ్చుకుంటారు. ఐదు ప్రశ్నల్లో మూడు సరిపోవాలని పెడితే ఆ అవకాశం సుమారు 10 శాతానికి దిగుతుంది. ఒక్కో పిల్లవాడి గురించి మాట్లాడాలంటే నైపుణ్యానికి ఐదారు ప్రశ్నలైనా ఉండాలి. తరగతి మొత్తం గురించైతే రెండు మూడు సరిపోతాయి.

20 ప్రశ్నల పరీక్షలో కాబట్టి మూడు, మహా అయితే నాలుగు నైపుణ్యాల కన్నా ఎక్కువ పెట్టకండి. నైపుణ్యం పేరు కూడా సూటిగా ఉండాలి. ‘భిన్నాలు’ అని రాస్తే ఏం చేయాలో తెలియదు. ‘హారాలు వేరైన భిన్నాల కూడిక’ అని రాస్తే మర్నాడు ఏం చెప్పాలో తెలుస్తుంది. ఈ పేర్లు పరీక్షకు ముందే రాసి పెట్టుకోండి. వీలైతే ఇంకో టీచరు చేత విడిగా రాయించి పోల్చండి. ఇద్దరూ వేరే పేర్లు రాసిన ప్రశ్న ఒకేసారి రెండు నైపుణ్యాలను అడుగుతోందని అర్థం.

మార్కులో ఎంత ఊగిసలాట ఉంది?

ఏ పరీక్ష మార్కైనా ఆ పిల్లవాడి అసలు స్థాయికి అంచనా మాత్రమే. ఆ అంచనా ఎంత ఊగుతుందో లెక్కగట్టవచ్చు. ప్రతి ప్రశ్నకూ కఠినతా సూచికను, 1 లోంచి ఆ సూచిక తీసేయగా మిగిలినదాన్ని గుణించి, 20 ప్రశ్నలవీ కూడండి. మీ పరీక్షకు అది 4.1 వచ్చిందనుకుందాం. మొత్తం మార్కుల విస్తృతి, అంటే మార్కులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే వేరియన్స్, 16 అనుకుందాం (ప్రామాణిక విచలనం 4). 4.1ని 16తో భాగించి, 1 లోంచి తీసేసి, 20/19తో గుణిస్తే సుమారు 0.78 వస్తుంది. ఇది కూడర్, రిచర్డ్‌సన్ అనే పరిశోధకులు 1937లో ఇచ్చిన విశ్వసనీయతా సూత్రం, వాళ్ల 20వ ఫార్ములా. విశ్వసనీయత అంటే మార్కులు ఎంత నిలకడగా ఉంటాయో చెప్పే అంకె, 1కి దగ్గరైనకొద్దీ మేలు. ఎక్సెల్‌లో విస్తృతికి రెండు ఫంక్షన్లుంటాయి. ఇక్కడ చివర ‘పి’ ఉన్నది వాడాలి, లేకపోతే రెండు రకాల లెక్కలు కలిసిపోతాయి.

ఇప్పుడు 1 లోంచి 0.78 తీసేయగా మిగిలిన 0.22కి వర్గమూలం తీసి 4తో గుణిస్తే దాదాపు 1.9 మార్కులు. అంటే 11 వచ్చిన పిల్లవాడి అసలు స్థాయి 9కీ 13కీ మధ్య ఉండే అవకాశం మూడింట రెండు వంతులే. ఇద్దరు పిల్లల మధ్య తేడా నిజమని గట్టిగా చెప్పాలంటే 5 మార్కులకు పైగా ఉండాలి. ర్యాంకుల జాబితాలో 12వ ర్యాంకుకూ 20వ ర్యాంకుకూ మధ్య తేడా రెండు మార్కులే ఉంటే ఆ క్రమం రేపు మళ్లీ పరీక్ష పెడితే మారిపోతుంది. అందుకే ర్యాంకులను గోడకు అంటించడం పిల్లలకు అన్యాయం. ఆ అంకెలు మోయలేని అర్థాన్ని వాటి మీద పెడుతున్నాం.

విశ్వసనీయత 0.60 దగ్గరే ఆగితే పరీక్ష చిన్నదై ఉండవచ్చు. అదే నాణ్యత గల ప్రశ్నలతో నిడివిని రెట్టింపు చేస్తే అది 0.75కి చేరుతుంది. విచక్షణ లేని నాలుగైదు ప్రశ్నలను తీసి మంచివి పెట్టినా పెరుగుతుంది, పిల్లలకూ అదే తేలిక.

6 శాతం పెరుగుదల

6 శాతమంటే 20కి 1.2 మార్కులు. రెండో పేపర్లో మూడు ప్రశ్నలు ఒక్కొక్కటి 0.4 చొప్పున తేలికైతే, ఎవరూ కొత్తగా ఏమీ నేర్చుకోకపోయినా సగటు అంతే పెరుగుతుంది. పురోగతిని కొలవాలంటే రెండు పేపర్లలోనూ ఉమ్మడి ప్రశ్నలుండాలి. ఐదో వంతుకు తగ్గకుండా పెట్టండి, 20లో నాలుగైదు. మొదటి పరీక్ష తర్వాత వాటిని తరగతిలో చర్చించకూడదు, పేపరులో వాటి స్థానం కూడా ఎక్కువగా మార్చకూడదు. ఆ ప్రశ్నల మీద వచ్చిన మార్పునే మార్పుగా చూడండి. అవి బాగా జ్ఞాపకం ఉండిపోతాయనిపిస్తే అంకెలు మార్చి అదే నిర్మాణంతో జంట ప్రశ్నలు రాసుకోండి. అయితే 0.8, 0.375ని 0.7, 0.46గా మార్చవచ్చు గానీ 0.7, 0.9గా మారిస్తే ప్రశ్నే మారిపోతుంది.

ఇంకో ఉచ్చు. తక్కువ మార్కులొచ్చిన ఎనిమిది మందికి అదనపు తరగతులు పెట్టారు, తర్వాతి పరీక్షలో వాళ్ల మార్కులు పెరిగాయి. ఆ పెరుగుదల మొత్తం అదనపు తరగతుల ఫలితం కాదు. విశ్వసనీయత 0.78, సగటు 11 ఉన్న పరీక్షలో 5 మార్కులు వచ్చిన పిల్లలకు ఏమీ చెప్పకుండా మళ్లీ అలాంటి పరీక్షే పెడితే సగటున 6.3 వస్తాయని అంచనా. ఆ రోజు దురదృష్టం కొంత కలిసి కింద పడినవాళ్లు మళ్లీ కొంత పైకి వస్తారు. కాబట్టి మొదటి 1.3 మార్కులను పక్కన పెట్టి, ఆపై పెరిగినదాన్నే తరగతుల ఫలితంగా చూడండి. పైనున్న పిల్లలు రెండోసారి కొంచెం తగ్గినా అదే కారణం కావచ్చు, వెంటనే మందలించకండి.

ఈ లెక్కల తర్వాత ఏం చేయాలి

విచక్షణ బాగుండి కఠినతా సూచిక 0.40 కన్నా తక్కువున్న ప్రశ్నలు తరగతి మొత్తానికి మళ్లీ చెప్పాల్సిన పాఠాలు. అదీ మొదటిసారి చెప్పిన పద్ధతిలో కాదు, తప్పు ఆప్షన్ చూపిన దారిలో. 0.40 నుంచి 0.75 దాకా ఉన్నవాటికి గుంపులు కట్టండి. గుంపులు మార్కుల ప్రకారం కాదు, చేసిన తప్పు ప్రకారం. 15 మార్కులొచ్చిన అమ్మాయీ 6 మార్కులొచ్చిన అబ్బాయీ దశాంశాల్లో ఒకే తప్పు చేసి ఉంటే ఆ 20 నిమిషాలూ ఒకేచోట కూర్చోవాలి. అలా చేస్తే ‘వెనకబడిన గుంపు’ అనే ముద్ర కూడా ఎవరి మీదా పడదు. 0.75 దాటినవాటిలో తప్పిన కొద్దిమందితో విడిగా మాట్లాడితే చాలు.

గుంపులు కట్టేముందు ఒక్కో తప్పుకు ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పిలిచి రెండు నిమిషాలు మాట్లాడండి. ఆస్ట్రేలియా పరిశోధకురాలు ఆన్ న్యూమన్ 1977లో చెప్పిన వరస ఇందుకు చక్కగా పనికొస్తుంది. ప్రశ్న పైకి చదువు. ఏం అడిగారో నీ మాటల్లో చెప్పు. ఎలా చేద్దామనుకుంటున్నావు? చేసి చూపించు. జవాబు రాయి. పిల్లవాడు మొదట ఎక్కడ ఆగితే చికిత్స అక్కడ మొదలుకావాలి. రెండో మెట్టులోనే ఆగిన పిల్లవాడి చేత పది లెక్కలు అదనంగా చేయిస్తే ప్రయోజనం ఉండదు, అతనికి కావలసింది ప్రశ్న భాషను విడగొట్టి చదవడం. పట్టిక అనుమానాన్ని మాత్రమే ఇస్తుంది, నిర్ధారణ ఈ రెండు నిమిషాల్లోనే జరుగుతుంది.

వారం పది రోజులకు అదే తప్పు మీద ఐదారు ప్రశ్నల చిన్న పరీక్ష పెట్టండి. దీనికి మార్కులు వేయకండి. మర్నాడే పెడితే జ్ఞాపకం మీద రాస్తారు, నెల ఆగితే పాత నియమం మళ్లీ పాతుకుంటుంది.

వ్యాసరూప ప్రశ్నలున్న పేపరైతే కఠినతా సూచికకు సగటు మార్కును గరిష్ఠ మార్కుతో భాగించండి. విచక్షణకు ఆ ప్రశ్న మార్కుకూ, ఆ ప్రశ్న తీసేయగా మిగిలిన మొత్తానికీ సహసంబంధం (కొరిలేషన్) చూడండి. ఆ ప్రశ్నను మొత్తంలోంచి తీసేయకపోతే అంకె ఉత్తినే పెరుగుతుంది. మార్కులను మెట్లవారీగా వేరు నిలువు వరుసల్లో నమోదు చేయండి. సమీకరణం రాయడానికి 2, సాధనకు 2, జవాబుకు 1 అయితే మూడు వరుసలు. ‘5కి 2’ అంటే ఏ రెండో తెలియకపోతే ఆ మార్కు విశ్లేషణకు ఉపయోగపడదు. ఒక విద్యార్థి పేపరంతా దిద్ది తర్వాతి విద్యార్థికి వెళ్లకుండా, అందరి మొదటి ప్రశ్నా దిద్ది, ఆ తర్వాత అందరి రెండో ప్రశ్నా దిద్దండి. చివర్లో ఐదారు పేపర్లు పాత మార్కు చూడకుండా మళ్లీ దిద్ది పోల్చండి. రెండుసార్లకూ తేడా ఎక్కువుంటే లోపం పిల్లల్లో వెతకకూడదు.

తల్లిదండ్రులకు

శాతం, ర్యాంకు, సగటుతో పోలిక, ఇవి మూడూ పక్కన పెట్టండి. ఒక చిన్న కాగితం మీద పిల్లవాడికి గట్టిగా వచ్చినది ఒకటి, ప్రస్తుతం తప్పుతున్నది ఒకటి రాయండి. తప్పుతున్న చోట పిల్లవాడు రాసిన అసలు జవాబునే చూపించండి. ‘0.8 కన్నా 0.375 పెద్దదని అనుకుంటోంది, ఎందుకంటే అంకెలు ఎక్కువున్నాయి. ఈ రెండు వారాల్లో సంఖ్యారేఖ మీద దీన్ని సరిచేస్తున్నాం. ఇంట్లో 0.4, 0.25 లాంటి జతలు రోజుకు మూడు ఇచ్చి, ఏది పెద్దదో కాదు, ఎందుకు పెద్దదో అడగండి.’ ఈ మూడు వాక్యాలు ఏ తల్లికైనా తండ్రికైనా అర్థమవుతాయి. తర్వాతిసారి వచ్చినప్పుడు చిన్న పరీక్షలో అదే ప్రశ్నకు పాప రాసిన కొత్త జవాబును పాత జవాబు పక్కన పెట్టి చూపించండి.